పద్నాలుగో నంబరు పాదాలు

ఆదివారం పొద్దున్నే మేనేజరు గారింట్లో సోఫా వెనక నక్కి, చేతిలో వెన్న రాసిన బ్రెడ్డు ముక్కతో ఆంజనేయస్వామిని పేరుపెట్టి పిలిచిన ఉద్యోగి మిషిగన్ రాష్ట్రం మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసి ఒక సంఘం పెట్టుకుందాం. ఆ రోజు పోయిన నా పరువు ఇంకా తిరిగి రాలేదు, మా ట్రాయ్ ఊళ్ళోనే ఎక్కడో తిరుగుతోంది. అదెలా పోయిందో దాచకుండా చెబుతాను. మధ్యలో కాస్త భయం వేస్తుంది, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

అంతా నా రెజ్యూమెలో ఒక్క లైన్‌తో మొదలైంది. మాస్టర్స్ అయిపోయి, చదువయ్యాక ఉద్యోగానికని ఇచ్చే ఓపీటీ గడువు కరిగిపోతుంటే ఉద్యోగం కోసం నానా గడ్డీ కరుస్తున్న కాలం. సీనియర్ ఒకాయన నా రెజ్యూమె చూసి పెదవి విరిచాడు. "హాబీస్ దగ్గర క్రికెట్, మ్యూజిక్ ఏంట్రా? మనవాళ్ళందరూ అదే పెడతారు. డిఫరెంట్‌గా ఏదైనా పెట్టు" అన్నాడు. సరేనని 'యూరప్ మహిళల ఫుట్‌బాల్' అని పెట్టాను. అప్పటికి ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు పెద్దలు. నాది మరీ ఎక్కువ అతికింది, పీకినా రాలేదు.

ఉద్యోగం కార్ల బ్రేకులకి విడిభాగాలు చేసే ఒక జర్మన్ కంపెనీలో దొరికింది. మా మేనేజరు రెనాటా గారు. యాభై దాటిన జర్మన్ మనిషి, గుమ్మం దగ్గర తల వంచుకుని వచ్చేంత ఎత్తు. అమెరికా వచ్చి చాలా ఏళ్ళయినా నవ్వడానికి ఇంకా పర్మిట్ రాలేదన్నట్టు ఉండేవారు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే అయినా మీ సుఖం కోసం తెలుగులో చెబుతున్నాను.

సెప్టెంబర్‌లో ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"చక్రీ, నీకు మహిళల ఫుట్‌బాల్ ఇష్టమని రాశావు కదా."

"ప్రాణం మేడమ్."

"జర్మనీలో రెండో లీగ్ కూడా చూస్తావా?"

"అసలు నేను చూసేదే అది మేడమ్. మొదటి లీగ్ అందరూ చూస్తారు."

ఆవిడ బల్ల మీద ఫోటో నా వైపు తిప్పారు. నీలం చొక్కా, పద్నాలుగో నంబరు, జుట్టుకి నీలం పట్టీ కట్టుకున్న సన్నటి అమ్మాయి. "నా కూతురు లేనా. అందులోనే ఆడుతుంది. నేను చూడలేను. నేను కూర్చుని చూసిన ఒకే ఒక్క మ్యాచ్‌లో దాని భుజం ఎముక విరిగింది. అప్పట్నించి మ్యాచ్ చూడను, స్కోరు చదవను. ప్రతి ఆదివారం అదే మెసేజ్ పెడుతుంది, రెండు కాళ్ళ మీదే ఉన్నాను అని. కానీ ఈ వేసవి నుంచి ఆ మెసేజ్ చదివితే నాకు నమ్మకం కలగడం లేదు. నువ్వు చూసి సోమవారం నాకు ఒక్క సంగతి చెప్పు. గెలుపూ ఓటమీ నాకొద్దు. ఆట అయ్యాక లేనా రెండు కాళ్ళ మీద నడిచి బయటికి వచ్చిందా, లేదా?"

అమ్మ కన్ను తగిలితే పిల్లకి దెబ్బ తగులుతుందని ఒక జర్మన్ మనిషి నాతో అంటుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అబద్ధంతో మొదలైన పనే అయినా, ఆ పూట నిజంగానే ఆవిడ కోసం చూడాలనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, అంటే జర్మనీలో మధ్యాహ్నం రెండింటికి, కాఫీ కప్పుతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. లేనా జట్టు పేజీ దొరికింది. అంతా జర్మన్. వరసగా మ్యాచ్‌లు, ఒక్కోదాని పక్కన తేదీ, దాని పక్కన వీడియో బొమ్మ. తేదీలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఉన్నాయి. టైమ్ జోన్ తేడా కాబోలనుకున్నాను. కింద ఇంకా బోలెడు మ్యాచ్‌లున్నాయి, అవి జరగబోయేవి కాబోలనుకున్నాను. ఈ 'కాబోలు' అనే మాట నా జాతకంలో ఏ ఇంట్లో ఉందో గానీ, నన్ను ముంచినదంతా అదే.

ఆ మ్యాచ్‌లు మీరు చూసి ఉండరు. టీవీలో చూసే ఆటలా ఉండదు. ఒకటే కెమెరా. కామెంటరీ లేదు. ఖాళీ మెట్ల మీద అక్కడొకరు ఇక్కడొకరు. బంతిని తన్నిన చప్పుడు కాసేపాగి వినిపిస్తుంది. ఎవరో ఆడమనిషి ఒకే పేరుని పదేపదే పిలుస్తూ ఉంటుంది, ఎవరూ పలకరు. వీటన్నిటికీ మించి, కెమెరాకి బాగా దగ్గరగా ఒక దగ్గు. ముసలి దగ్గు, పొడిగా, రెండుసార్లు. మొదటిసారి విన్నప్పుడు నా గదిలోనే అనుకుని వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగేసరికి లేనా గోల్ కొట్టేసింది. తర్వాతి వారం కూడా దగ్గు వచ్చింది, వెంటనే గోల్ పడింది. దగ్గకుండా ఒక్క గోల్ కూడా పడలేదు.

ఇంకో విచిత్రం. మూడో ఆదివారం నాకు మెలకువ వచ్చేసరికి ఎనిమిదిన్నర. సగం ఆట పోయిందని కంగారుగా పేజీ తెరిస్తే, ఆడవాళ్ళు అప్పుడే వరసగా మైదానంలోకి వస్తున్నారు. ఇంకో వారం తొమ్మిదికి లేచాను. అప్పుడూ అంతే. నేను వచ్చి కూర్చునేదాకా జర్మనీలో మ్యాచ్ ఆగుతోంది.

ఈ సంగతి మా రూమ్మేట్ నరేష్‌కి చెప్పాను. వాడిది కరీంనగర్ దగ్గర పల్లె. కార్ల ప్లాంట్‌లో రోబోలకి ప్రోగ్రాములు రాస్తాడు, దెయ్యాల విషయంలో మాత్రం పీహెచ్‌డీ. వాడు దోసె తిప్పడం ఆపి నా వంక చూశాడు.

"నువ్వు లేటుగ లేస్తే మ్యాచ్ గూడ లేటుగ షురూ అయితదా?"

"అవుతోంది మరి. జర్మన్ల మర్యాద కాబోలు."

"మర్యాద గాదు వయా. అది నీ కోసం కూసుంటది."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. దోసె మాడిపోయింది.

సోమవారాలు మాత్రం హాయిగా గడిచేవి. "రెండు కాళ్ళ మీదే వచ్చింది మేడమ్" అంటే రెనాటా గారి భుజాలు ఒక అంగుళం కిందికి దిగేవి. అది చూడటం నాకు అలవాటైపోయింది. మోజులో పడి తెర మీద చూసినవి ఇంకొన్ని చేర్చడం మొదలుపెట్టాను. "మైదానంలోకి దిగేముందు వంగి నేలని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది మేడమ్, అచ్చం మావాళ్ళలాగే." ఆవిడ అవన్నీ కూతురికి ఫోన్‌లో చెప్పేవారట.

"నువ్వు చెప్పిన సంగతి చెబితే లేనా చాలాసేపు మాట్లాడలేదు" అన్నారొక సోమవారం.

"సంతోషమై ఉంటుంది మేడమ్."

"అలా అనిపించలేదు. ఎవరు చెప్పారని రెండుసార్లు అడిగింది."

నా కీర్తి జర్మనీదాకా పాకిందని ఆ పూట కాలర్ సర్దుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు ఫుట్‌బాల్ చూడటంతోనే పోయింది.

అక్టోబర్ వచ్చింది. తెర మీద పొగమంచు మొదలైంది. ట్రాయ్‌లో మా కిటికీ బయట కూడా అదే పొగమంచు, పార్కింగ్‌లో కార్లు కనపడనంత. ఆ ఆదివారం నరేష్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మైదానం మీద తెల్లగా, నడుం ఎత్తున మంచు పరుచుకుంది. అమ్మాయిల తలలు, చేతులు కనిపిస్తున్నాయి. నడుం కింద ఏమీ లేదు. చప్పుడు లేకుండా అటూ ఇటూ తేలుతున్నారు.

"కాళ్ళు కనవడ్తలేవు" అన్నాడు నరేష్ మెల్లిగా.

"మంచు కదరా."

"దెయ్యం పాదాలు ఎనకకు తిరిగి ఉంటయి. మా నాయినమ్మ చెప్పేది. మనిషేనా కాదా అంటే మొఖం జూడకు, కాళ్ళు జూడు."

అప్పుడే దగ్గు వినిపించింది. నరేష్ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ నాతో ఆ పేజీ చూడలేదు.

అసలు ఘోరం ఆ పొద్దునే జరిగింది. లాప్‌టాప్ మూద్దామని కంగారులో వేలు పెడితే పేజీ సర్రున కిందికి జారి, చివర్లో ఉన్న ఒక మ్యాచ్ మీద పడింది. జరగబోయే మ్యాచ్. పక్కన తేదీ ఏప్రిల్ అని ఉంది. బయట అక్టోబర్. జరగని మ్యాచ్ ఎలా ఆడుతుంది లెమ్మనుకున్నాను.

ఆడింది.

మైదానం మీద సన్నగా మంచు పడుతోంది. ఎప్పుడూ వినిపించే ఆ పిలుపు కూడా లేదు. పద్నాలుగో నంబరు బంతి వెనక కంచె దాకా పరిగెత్తింది, పాదం అక్కడే నాటుకుపోయింది, మనిషి మాత్రం తిరిగింది. పడిపోయింది. ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. ఆట ఆగిపోయింది. ఇద్దరు అమ్మాయిలు ఆమె చంకల్లో చేతులు వేసి మోసుకుంటూ కెమెరా వైపే తెచ్చారు. ఎడమ పాదం నేలకి ఆనలేదు. కెమెరా కిందికి వచ్చాక లేనా తలెత్తి, సరిగ్గా నన్ను చూసినట్టు చూసింది.

ఏడాది చూసుకోలేదా అని మీరు అడుగుతారు. దెయ్యాన్ని చూసినవాడు క్యాలెండర్ చూస్తాడా? నాకు తెలిసిందల్లా ఒకటే. ఆరు నెలల తర్వాత జరగబోయేది నాకు ముందే చూపించారు. ఎవరు, ఎందుకు అన్నది అడిగే ధైర్యం లేదు. ఆ పిల్ల మోకాలు ఇప్పుడు నా చేతిలో ఉంది.

ముందు మనకి తెలిసిన వైద్యం చేశాను. గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని లాప్‌టాప్‌కి మూడుసార్లు దిష్టి తీశాను. పైన నిమ్మకాయ కోసి నాలుగు మూలలా పిండాను. ఉప్పు కీబోర్డు సందుల్లోకి దిగింది, నిమ్మరసం దాని వెనకాలే దిగింది. దిష్టి పోయిందో లేదో తెలియదు, స్పేస్ బార్ మాత్రం పోయింది. ఆ వారమంతా ఆఫీసుకి పంపిన మెయిళ్ళలో మాటలన్నీ ఒకదాన్నొకటి కావలించుకునే వెళ్ళాయి.

సోమవారం రెనాటా గారి ముందు నిలబడ్డాను. "రెండు కాళ్ళ మీదే వచ్చింది మేడమ్. కానీ ఎడమ మోకాలు జాగ్రత్తగా చూసుకోమనండి."

ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "ఎందుకు?"

"మా వైపు కొన్ని ముందే తెలుస్తాయి మేడమ్."

అలా అనకుండా ఉండాల్సింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. మర్నాడు నా సీటు దగ్గరికి ఆవిడే వచ్చారు, అంతకుముందెప్పుడూ రాలేదు. "లేనాకి చెప్పాను. ఏడ్చింది. నువ్వు ఎలా ఉంటావని అడిగింది. నువ్వెప్పుడైనా జర్మనీ వెళ్ళావా అని అడిగింది. చక్రీ, నువ్వు నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?"

"లేదు మేడమ్" అన్నాను.

నవంబరంతా అలాగే గడిచింది. ఆదివారం చూడాలంటే భయం, చూడకపోతే ఆవిడకేం చెప్పాలని భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఒక దగ్గు. డిసెంబర్ మొదట్లో రెనాటా గారు అన్నారు, "ఆదివారం పొద్దున మా ఇంటికి రా. లేనా చెప్పింది, నిన్ను నా ఎదురుగా కూర్చోబెట్టి మ్యాచ్ పెట్టించమని. నేను కళ్ళు మూసుకునే ఉంటాను. నువ్వు చెబుతూ ఉండు."

వెళ్ళాను. పెద్ద హాలు, చెక్క నేల, గోడంత టీవీ. కిటికీల బయట తెల్లటి మంచు, ఎదురిల్లు కూడా కనిపించడం లేదు. ఆవిడ నా చేతిలో వెన్న రాసిన బ్రెడ్డు పెట్టి, సోఫా చివర కూర్చుని రెండు చేతులతో కళ్ళు మూసుకున్నారు. నా ఫోన్‌లోంచి ఆ వారం మ్యాచ్ టీవీ మీద పెట్టాను. అదే కెమెరా, అదే పొగమంచు.

"దిగింది మేడమ్. నేల తాకింది. పరిగెడుతోంది."

"రెండు కాళ్ళ మీదేనా?"

"రెండు కాళ్ళ మీదే."

వీధి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చల్లగాలి వీపుకి తగిలింది. తర్వాత చెక్క నేల మీద ఒక చప్పుడు, టక్ మని. కాస్త ఆగి మళ్ళీ టక్. మనుషులు నడిస్తే వచ్చే చప్పుడు కాదది. నేను తల తిప్పాను.

గుమ్మంలో పద్నాలుగో నంబరు నిలబడి ఉంది. అదే ముఖం, జుట్టుకి అదే నీలం పట్టీ. వెనకంతా పొగమంచు. టీవీ వైపు చూశాను. అక్కడా పద్నాలుగో నంబరు పరిగెడుతూనే ఉంది. మళ్ళీ గుమ్మం వైపు చూశాను. అక్కడ అది నన్నే చూస్తోంది.

మొఖం జూడకు, కాళ్ళు జూడు. చూశాను. కుడి పాదం ముందుకే ఉంది. ఎడమ పాదం వెనక్కి ఉంది.

ఆ తర్వాత నేను సోఫా వెనకికి ఎలా చేరానో నాకు తెలియదు. ఆంజనేయస్వామిని పిలవడం గుర్తుంది. "అమ్మా, నీకూ నాకూ ఏ పగా లేదు, దిష్టి కూడా తీశాను, ఇక వెళ్ళిపో" అని అచ్చ తెలుగులో బతిమాలడం గుర్తుంది. బ్రెడ్డు ముక్కని కత్తిలా ముందుకి చాచానని తర్వాత లేనా చెప్పింది.

"మోకాలి సంగతి తెలిసింది ఇతనికేనా?" అంది గుమ్మంలో ఉన్న మనిషి.

తర్వాత టీవీ వంక తిరిగింది. "ఇది కిందటేడు మ్యాచ్" అంది నెమ్మదిగా. "ఇప్పుడు నేను గోల్ కొడతాను."

దగ్గు వినిపించింది. తెర మీద లేనా గోల్ కొట్టింది.

రెనాటా గారు కళ్ళ మీంచి చేతులు తీశారు. తెర మీద కూతుర్ని చూశారు. గుమ్మంలో కూతుర్ని చూశారు. చంక కింద కర్ర, మోకాలికి ఇనప పట్టీలు, నేలకి ఆనకుండా వెనక్కి మడిచి పట్టుకున్న ఎడమ కాలు. నేను దెయ్యం పాదమనుకున్నది అదే.

"రెండు కాళ్ళ మీద ఉన్నావని చెప్పాడు" అన్నారావిడ.

"నేనూ అదే చెప్పానమ్మా" అంది లేనా. "ఏప్రిల్‌లోనే పోయింది మోకాలు. వ్యాయామంతో నయమవుతుందన్నారు, కాలేదు. అక్టోబర్ చివర్లో ఆపరేషన్ అయింది. ఈ సీజన్‌లో నేను ఒక్క నిమిషం కూడా ఆడలేదు. నువ్వు చూడకపోతే నాకేం కాదని నీ నమ్మకం. నువ్వు చూడకపోయినా దెబ్బ తగిలిందని ఎలా చెప్పను?"

ఆవిడ ఆ ఇనప పట్టీల వైపే చూస్తున్నారు. లేనా చెప్పుకుపోయింది.

"మొదట్లో ఇతను చెప్పేవి వింటే, అబద్ధం ఆడే పని తప్పిందని ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత భయమేసింది. నేను అక్కడ మంచం మీద ఉంటే, ఎక్కడో ఇంకో నేను ఇంకా ఆడుతున్నానేమో అనిపించేది. చివరికి మోకాలి మాట విన్నాక, కర్ర పట్టుకుని నిలబడగానే వచ్చేశాను."

రెనాటా గారు లేచి వెళ్ళి కూతుర్ని పట్టుకున్నారు. కర్ర కింద పడింది. చాలాసేపు ఆ పిల్ల ఒంటికాలి మీద, వాళ్ళమ్మ మెడ పట్టుకుని నిలబడింది. సోఫా వెనక నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. నేను చెప్పిన ప్రతి సోమవారం ఆ తల్లి భుజాలు దిగడం గుర్తొచ్చింది. కొడుకు లాంటి వాడని నమ్మితే నేను పాత మ్యాచ్‌లు వడ్డించాను.

"చక్రీ, బయటికి రా" అన్నారావిడ.

వచ్చాను, బ్రెడ్డుతో సహా.

"ఈ ఏడాది జట్టు ఎక్కడుంది?"

"పైనుంచి మూడో స్థానం మేడమ్."

"కింద నుంచి రెండు" అంది లేనా.

రెనాటా గారు నా వంక చూశారు, బ్రెడ్డు వంక చూశారు. ఇన్నేళ్ళుగా రాని పర్మిట్ ఆ క్షణాన వచ్చినట్టుంది. సోఫా చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. లేనా కూడా నవ్వింది. నాకొక్కడికే రాలేదు, ఎందుకంటే నా బుర్రలో ఇంకొక ముల్లు మిగిలి ఉంది.

"అయితే ఆ కెమెరా దగ్గర దగ్గే ముసలాయన ఎవరు?" అని అడిగాను.

లేనా నవ్వు ఆపింది. "కెమెరా దగ్గర ఎవరూ ఉండరు. ఎత్తయిన స్తంభానికి బిగించి ఉంటుంది. దానంతటదే తిరుగుతుంది."

ఆ మాట తర్వాత ఎవరూ కాఫీ రెండో కప్పు తాగలేదు.

మరుసటి ఏడు శరత్కాలంలో ఒక ఆదివారం మళ్ళీ అదే హాలు, అదే టీవీ. ఈసారి నేను తేదీ చూశాను, నెల చూశాను, సంవత్సరాన్ని రెండుసార్లు చదివి నరేష్ చేత ఫోన్‌లో మూడోసారి చదివించాను. జట్టు కింది లీగ్‌కి జారిపోకుండా, చావు తప్పి కన్ను లొట్టపోయి రెండో లీగ్‌లోనే నిలబడింది. ఆట ఇంకో పావుగంట ఉందనగా పద్నాలుగో నంబరు లేచి, వంగి నేల తాకి, మైదానంలోకి దిగింది. రెనాటా గారు చేతులతో కళ్ళు మూసుకున్నారు.

"చెప్పు చక్రీ."

"రెండు కాళ్ళ మీదే ఉంది మేడమ్" అన్నాను. "రెండు పాదాలూ ముందుకే ఉన్నాయి."

ఆవిడ నెమ్మదిగా వేళ్ళ సందుల్లోంచి చూశారు. తర్వాత చేతులు పూర్తిగా దించేశారు. లేనా గోల్ కొట్టడం కూడా చూశారు, చివరిదాకా చూశారు. లేనా నడిచే బయటికి వచ్చింది.

కాబట్టి తెలుగు పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట తేదీలో ఏడాది చదవకుండా ఎవరి క్షేమసమాచారమూ ఎవరికీ చెప్పను. రెజ్యూమెలో నాకు రాని ఆట పేరు రాయను. ఎలక్ట్రానిక్ సామానుకి నిమ్మకాయతో దిష్టి తీయను. ఇక ఆ మ్యాచ్‌లంటారా, ప్రతి ఆదివారం చూస్తాను, కానీ సౌండు పెట్టను. ఎందుకంటే లేనా తిరిగొచ్చి గోల్ కొట్టిన ఆ రోజు కూడా, రెనాటా గారూ నేనూ ఇద్దరమే ఉన్న ఆ హాల్లో, దగ్గు వినిపించింది. టీవీ అప్పటికి మ్యూట్‌లో ఉంది.